హడగలిలో పుట్టిన పిల్లవాడు, రెండు ఎం.ఏ.లు

ఈసారి వినాయక చవితికి హోసపేటలో చిన్నమ్మ ఇంట్లో అందరం కలిశాం. కుడుములు తిన్నంతసేపు కూడా ఒక్కటే మాట. చిన్నమ్మ కూతురు బి.ఎస్సీ. ముగించింది, రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకచోట ఎం.ఎస్సీ. గణితం, ఇంకోచోట ఎం.ఎస్సీ. స్టాటిస్టిక్స్. గణితం అంటే దానికి ప్రాణం. స్టాటిస్టిక్స్ అయితే బెంగళూరులో ఉద్యోగం ఖాయం అని చిన్నాయన లెక్క.

మా అందరిలాగే అది కూడా కన్నడ మాటే వాడి, "సంఖ్యాశాస్త్రంలో సీటు వచ్చింది" అంది. రాయదుర్గం నుంచి వచ్చిన అత్త ఆశ్చర్యపోయింది. "పేర్లకి అక్షరాలు లెక్కబెట్టి చెప్తారే, అదేనా? దానికి కూడా కాలేజీ పెట్టినారా?" అని అడిగింది. ఇల్లంతా నవ్వు. అత్త తప్పేమీ లేదు. కన్నడలో స్టాటిస్టిక్స్‌ని సంఖ్యాశాస్త్రం అంటాం. తెలుగులో ఆ మాట జాతకాల వాళ్ళది. ఈ చదువుకి తెలుగు పేరు గణాంకశాస్త్రం.

ఇలాంటిదే ఇంకో మాట ఉంది. కన్నడ మీడియంలో చదివిన మాకు 'పదవి' అంటే డిగ్రీ. తెలుగులో పదవి అంటే కూర్చునే కుర్చీ, ఉద్యోగం, అధికారం. ఆ రోజు ఇంట్లో జరిగిన గొడవంతా నిజానికి ఈ ఒక్క మాట గురించే. పిల్ల కన్నడ పదవి గురించి మాట్లాడుతోంది, చిన్నాయన తెలుగు పదవి గురించి.

చివరికి అది నా వైపు తిరిగి "అన్నా, నువ్వు చెప్పు" అంది. నాకు నోరు పెగల్లేదు. నేను బి.ఎస్సీ.లో ఇష్టంగా భౌతికశాస్త్రం చదివి, ఉద్యోగం కోసం ఎం.సి.ఎ. చేసి, టెస్టింగ్‌లోకి వచ్చినవాణ్ణి. అన్నం పెట్టిన చదువుని తిట్టలేను. వదిలేసిన చదువుని మరిచిపోలేదు కూడా. నా కథ చెప్తే దానికి ఉపయోగం లేదు. అందుకని హోసపేట ఉన్న ఈ జిల్లాలోనే పుట్టిన ఒక తెలుగు మనిషి కథ వెతికి చదివాను. ఆయన కూడా ఇవే రెండు చదువుల మధ్య నిలబడ్డాడు. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నా.

హడగలి నుంచి విశాఖపట్నం దాకా

కల్యంపూడి రాధాకృష్ణారావు 1920 సెప్టెంబరు 10న హూవిన హడగలిలో పుట్టారు. లోకం ఆయన్ని సి.ఆర్. రావు అంటుంది. హడగలి ఇప్పుడు విజయనగర జిల్లాలో ఉంది, 2021కి ముందు బళ్ళారి జిల్లాలో ఉండేది. ఆయన పుట్టినప్పుడు బళ్ళారి జిల్లా మొత్తం మద్రాసు ప్రెసిడెన్సీలోది. ఇటు హడగలి, హోసపేట, అటు రాయదుర్గం, ఆదోని, ఆలూరు, అన్నీ ఒకే జిల్లా. 1953 అక్టోబరు 1న గీత గీశారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకి, మిగిలిన జిల్లాలో ఎక్కువ భాగం మైసూరుకి. మన బంధువులు గీతకి రెండు పక్కలా పడింది అప్పుడే.

రావు గారి నాన్న పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టరు. బదిలీల ఉద్యోగం కాబట్టి పిల్లవాడి చదువు కూడా ఊరూరా తిరిగింది. గూడూరు, నూజివీడు, నందిగామ, చివరికి విశాఖపట్నం. పదిమంది పిల్లల్లో ఆయన ఎనిమిదోవాడు. దేవకికి ఎనిమిదోవాడు కృష్ణుడు కాబట్టి ఆ పేరు పెట్టారు. తల్లి పేరు లక్ష్మీకాంతమ్మ. ఆవిడ రోజూ తెల్లవారుజామున 4 గంటలకి లేపి, నూనె దీపం వెలిగించి చదువుకోమనేదని ఆయన తన పుస్తకం ఒకటి ఆమెకి అంకితమిస్తూ గుర్తుచేసుకున్నారు.

విశాఖలో మిసెస్ ఏ.వి.ఎన్. కాలేజీ, ఆ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయం. అప్పుడు అక్కడ వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. మన వాళ్ళకి ఆయన ఇంకో విధంగా కూడా తెలుసు. అంతకుముందు మైసూరు సంస్థానంలో విద్యాశాఖ నడిపిన మనిషి ఆయనే. ఆ విశ్వవిద్యాలయంలో రావు గారు గణితం తీసుకున్నారు. అప్పట్లో గణితానికి కూడా ఎం.ఏ. పట్టానే ఇచ్చేవారు. ఫస్టు క్లాసులో ముగించారు. అంటే మొదటి ఎం.ఏ. మనసుకి నచ్చిన చదువే.

దొరకని రెండు దారులు

చదువు ముగిసింది 1940లో. రెండో ప్రపంచ యుద్ధం మొదలై ఏడాదైనా కాలేదు. గణితంలో పరిశోధన చేయాలని ఆయన కోరిక. దానికి స్కాలర్‌షిప్ దొరకలేదు. సైన్యంలో సర్వే విభాగానికి గణితం తెలిసినవాళ్ళు కావాలంటే ఇంటర్వ్యూకి కలకత్తా వెళ్ళారు. ఆ ఉద్యోగం కూడా రాలేదు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడండి. గణితంలో ఫస్టు క్లాసు ఎం.ఏ., ఇరవై ఏళ్ళ వయసు, చేతిలో ఇష్టమైన దారీ లేదు, పొట్టకూటి దారీ లేదు. మన ఇళ్ళలో పిల్లల కథ చాలాసార్లు ఇక్కడే ఉంటుంది.

కలకత్తాలో ఆయనకి ఒక దక్షిణాది మనిషి పరిచయమయ్యాడు. అతను స్టాటిస్టిక్స్‌లో శిక్షణ కోసం వచ్చినవాడు. అతని ద్వారా ప్రెసిడెన్సీ కాలేజీలో ఉన్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి తెలిసింది. దాన్ని పెట్టింది ప్రశాంత చంద్ర మహలనోబిస్, 1931 డిసెంబరులో. ఆయన అసలు భౌతికశాస్త్రం ప్రొఫెసరు. భౌతికశాస్త్ర విభాగంలోనే చోటు చేసుకుని ఈ సంస్థ నడిపేవారు.

ఈ కొత్త చదువుతో ఎవరికి పని? ఉద్యోగం దొరుకుతుందా లేదా అనే ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంటుంది. బెంగాల్‌లో జనపనార ఎంత పండుతుందో ప్రభుత్వానికి ముందే తెలియాలి. ప్రతి పొలం కొలవాలంటే మనుషులూ చాలరు, డబ్బూ చాలదు. కొన్ని పొలాలు మాత్రం పద్ధతిగా ఎంచి, కొలిచి, దాన్నుంచి మొత్తం అంచనా వేయాలి. ఎన్ని పొలాలు కొలిస్తే చాలు, అంచనా ఎంత తప్పవచ్చు, ఈ లెక్కలు మహలనోబిస్ బృందం 1937 నుంచి చేస్తోంది. పంట, కరువు, యుద్ధం, జనాభా, ఏది తీసుకున్నా దేశానికి ఈ లెక్క అవసరం. అవసరం అలా పెరుగుతోంది, లెక్క వేయగలిగిన మనుషులు మాత్రం కొద్దిమందే.

రావు గారు 1941 జనవరి 1న అక్కడ శిక్షణకి చేరారు. అదే ఏడాది కలకత్తా విశ్వవిద్యాలయంలో స్టాటిస్టిక్స్ ఎం.ఏ. మొదలైంది. దేశంలో ఇలాంటి కోర్సు అదే మొదటిది. ఆయన మొదటి బ్యాచ్‌లో కూర్చున్నారు. అంటే అప్పటికే ఒక ఎం.ఏ. ఉన్న మనిషి, సీనియర్లు ఎవరూ లేని, ఆ పట్టాకి ఉద్యోగాలు ఎలా వస్తాయో ఎవరూ చూడని కోర్సులో మళ్ళీ విద్యార్థి అయ్యాడు. ఇప్పుడు మనం స్టాటిస్టిక్స్‌ని ఉద్యోగాల చదువు అంటున్నాం. 1941లో ఆ మాట ఎవరూ ధైర్యంగా అని ఉండరు. ఏ చదువుకి రేపు విలువ వస్తుందో ఇవాళ జీతాల లెక్క చూసి చెప్పలేం అనడానికి ఇదొక సాక్ష్యం.

1943లో ఆయన ఫస్టు క్లాసులో మొదటివాడిగా, బంగారు పతకంతో ముగించారు. ఆ సంస్థలోనే పని దొరికింది. యూనివర్సిటీలో పాఠాలు కూడా చెప్పేవారు.

గణితం ఎక్కడికీ పోలేదు

నాకు బాగా నచ్చిన ఘట్టం ఇది. ఒకరోజు క్లాసులో ఆయన ఒక ఫలితం చెప్పారు. కొలతలు చాలా ఎక్కువగా ఉన్నప్పుడు అంచనాలో తప్పు ఎంతకన్నా తగ్గదు అనేది ఫిషర్ చెప్పిన సంగతి. వి.ఎం. దాండేకర్ అనే విద్యార్థి లేచి, కొలతలు తక్కువగా ఉన్నప్పుడు కూడా ఇలాంటి హద్దు చెప్పగలమా అని అడిగాడు. ఈ దాండేకరే తర్వాత పుణెలో పేరున్న ఆర్థికవేత్త అయ్యాడు. రావు గారి దగ్గర అప్పటికి జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని సాధించి, మరుసటి రోజు క్లాసులో రుజువు చెప్పారు. అది 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయింది. అప్పటికి ఆయనకి పాతికేళ్ళు. ఇప్పుడు ప్రపంచమంతా దాన్ని క్రామెర్-రావు హద్దు అంటుంది. అదే వ్యాసంలో ఉన్న ఇంకో ఫలితం రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతంగా నిలిచింది.

ఆ హద్దు చెప్పేది సులువైన మాటే. చేతిలో ఉన్న సమాచారానికి ఒక శక్తి ఉంటుంది. ఎంత తెలివైన పద్ధతి వాడినా అంతకన్నా కచ్చితమైన అంచనా తీయలేం. నా టెస్టింగ్ పనిలో నాకు రోజూ తగిలే నిజం కూడా ఇలాంటిదే. రన్ చేసిన కేసులు ఎంత చెప్పగలవో అంతే చెప్తాయి, మేనేజరు గట్టిగా అడిగినా ఇంకొంచెం చెప్పవు.

ఇక్కడ గమనించాల్సింది, ఆ రుజువు అచ్చమైన గణితం. విశాఖలో నేర్చిన మొదటి ఎం.ఏ. ఆ రాత్రి పనికొచ్చింది. అయితే ఆ ప్రశ్న మాత్రం రెండో ఎం.ఏ. క్లాసులోంచి వచ్చింది. ఒకటి లేకుండా ఇంకొకటి లేదు.

1946లో ఆయన కేంబ్రిడ్జి వెళ్ళారు. సూడాన్‌లో జెబెల్ మోయా అనే చోట తవ్వకాల్లో దొరికిన పురాతన అస్థిపంజరాల కొలతలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. ఒక మానవ సమూహానికీ ఇంకో సమూహానికీ ఎంత దూరమో లెక్కగట్టే పద్ధతి మహలనోబిస్‌ది. అది తెలిసిన మనిషి వాళ్ళకి కావాలి. పగలు ఎముకల లెక్కలు, ఇంకోపక్క ఫిషర్ గారి ల్యాబులో ఎలుకల జన్యువుల పని. ఫిషర్ దగ్గరే 1948లో పి.హెచ్‌డి. గణితం తప్ప వేరే ధ్యాస లేని కుర్రాడు జనపనార పొలాల నుంచి ఎలుకల దాకా వచ్చాడు, ఎక్కడికెళ్ళినా గణితం వెంట వచ్చింది. తర్వాతి కాలంలో మ్యాట్రిక్స్‌ల మీద ఆయన చేసిన పని గణితం వాళ్ళు కూడా తమదే అనుకునేంత గణితం.

2001లో పద్మవిభూషణ్, 2002లో అమెరికా నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్, 2023లో 102 ఏళ్ళ వయసులో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి. ఆ ఏడాదే ఆగస్టు 22న కన్నుమూశారు. బెంగళూరులో మైసూరు రోడ్డు మీద 8వ మైలు దగ్గర ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ శాఖ ఉంది. ఆ బోర్డు చూసినప్పుడు హడగలి గుర్తు తెచ్చుకోండి.

అదే చిక్కు, వేరే దారులు

ఇదే చిక్కులో పడిన ఇంకో ఇద్దరి సంగతి కూడా చెప్పాలి. ఒకరు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. 1920ల చివర్లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుతూ, రామానుజన్ మీది అభిమానంతో గణితం ఆనర్స్ చేయాలనుకున్నారు. కొడుకు ఐ.సి.ఎస్. అధికారి కావాలని నాన్న ఆశ, దానికి భౌతికశాస్త్రం మేలని ఆయన నమ్మకం. కొడుకు భౌతికశాస్త్రమే తీసుకున్నాడు, కానీ గణితం పాఠాలు కూడా వెళ్ళి విన్నాడు. ఐ.సి.ఎస్. వైపు వెళ్ళలేదు. 1983లో నోబెల్ వచ్చింది భౌతికశాస్త్రంలో, నక్షత్రాల మీద చేసిన గణితానికి.

రెండోవారు ఆయన చిన్నాన్న సి.వి. రామన్. రామన్ నాన్న విశాఖలో ఏ.వి.ఎన్. కాలేజీలోనే పాఠాలు చెప్పేవారు, రామన్ బడి చదువు కూడా విశాఖలోనే. 1907లో భౌతికశాస్త్రం ఎం.ఏ. ముగించి ప్రభుత్వ ఆర్థిక శాఖలో ఉద్యోగానికి చేరారు. పదేళ్ళు పగలు ఆఫీసు, పొద్దునా సాయంత్రం ప్రయోగశాల. 1917లో తక్కువ జీతానికి ప్రొఫెసరు పని ఒప్పుకుని ఆ ఉద్యోగం వదిలేశారు. 1933లో మన బెంగళూరుకి, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరుగా వచ్చారు.

ఆడపిల్ల అడిగిన ప్రశ్న కాబట్టి ఒక సంగతి దాచకూడదు. అదే 1933లో బొంబాయి నుంచి కమలా భాగవత్, పెళ్ళయ్యాక కమలా సొహోనీ, రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రాలతో బి.ఎస్సీ.లో మొదటి స్థానంలో నిలిచి ఆ ఇన్‌స్టిట్యూట్‌కి దరఖాస్తు పెట్టారు. ఆడపిల్ల అని రామన్ కాదన్నారు. ఆమె వెనక్కి పోలేదు, పట్టుబట్టారు. ఏడాది షరతుల మీద చేర్చుకున్నారు. 1936లో ఎం.ఎస్సీ., 1939లో కేంబ్రిడ్జిలో పి.హెచ్‌డి. మనసుకి నచ్చిన చదువు కోసం జీతం వదులుకున్న మనిషే, అదే కోరికతో వచ్చిన పిల్లకి తలుపు వేశాడు. ఇష్టమా ఉద్యోగమా అనేది మగపిల్లల కథల్లో మనసులో జరిగే తర్జనభర్జన. ఆమెకి ముందు గడప దాటడమే పోరాటం అయింది.

క్లాసులో అన్నదమ్ముల లెక్క

ఇంతవరకు రాసి, చిన్నమ్మ కూతురికి 'స్టాటిస్టిక్స్‌లో చేరు, రావు గారిలా గణితం నీ వెంట వస్తుంది' అని మెసేజ్ పెడదామనుకున్నా. రావు గారి ఇంకో పాఠం చదివి ఆగిపోయా.

ఆయన చాలా ఊళ్ళలో క్లాసుల్లో ఒక ఆట ఆడేవారు. మగపిల్లల్ని, "మీతో కలిపి మీ ఇంట్లో అన్నదమ్ములు ఎంతమంది, అక్కచెల్లెళ్ళు ఎంతమంది?" అని అడిగి మొత్తం కూడేవారు. ఎప్పుడూ అన్నదమ్ములే ఎక్కువ వచ్చేవారు. అది చూసి దేశంలో మగవాళ్ళే ఎక్కువ అనుకుంటే తప్పు. అందరూ ఆడపిల్లలే ఉన్న ఇంటి నుంచి ఆ క్లాసులోకి ఎవరూ రారు కదా. లెక్కలోకి రావడానికే కనీసం ఒక మగపిల్లవాడు ఉండాలి. లెక్కలోకి ఎవరు వచ్చారో చూడకుండా లెక్కని నమ్మకు అని ఆయన పాఠం.

పైన నేను చెప్పిన కథలన్నీ అలాంటి క్లాసే. నోబెల్ వచ్చినవాళ్ళు, పేరు మీద సిద్ధాంతం ఉన్నవాళ్ళు. నచ్చిన చదువు పట్టుకుని ఏళ్ళ తరబడి ట్యూషన్లతో బతికినవాళ్ళు, ఉద్యోగం చదువు చదివి హాయిగా పిల్లల్ని పెంచుకున్నవాళ్ళు, ఇంకా ఉద్యోగం చదువు చదివి కూడా ఉద్యోగం దొరకనివాళ్ళు ఈ వ్యాసంలోకి రాలేదు. వాళ్ళ కథ ఎవరూ రాయలేదు కాబట్టి నాకు దొరకలేదు. అందుకని వీళ్ళని చూసి 'మనసు చెప్పినట్టు పో' అని గానీ, 'ఉద్యోగం చూసుకో, మిగిలింది అదే వస్తుంది' అని గానీ చెప్పే హక్కు నాకు లేదు.

చెప్పగలిగింది చిన్నది. ఏ కోర్సైనా చేరేముందు మూడు అడగాలి. ఇందులో చేరితే నాకు ఇష్టమైన చదువు ఎంత మిగులుతుంది? రావు గారికి చాలా మిగిలింది, రామన్‌కి పొద్దునా సాయంత్రం మిగిలింది. రెండోది, ఈ పని ఎవరికి అవసరం? జనపనార లెక్క లాంటి అవసరం ఒకటి కంటికి కనిపించాలి. మూడోది, ఇంట్లో దీపం ఎవరు వెలిగిస్తారు? అంటే చదివే రెండేళ్ళు, ఆ తర్వాత వెతుక్కునే ఏడాది ఎవరు మోస్తారు? నేను ఎం.సి.ఎ.లో చేరినప్పుడు రెండోది మాత్రమే అడిగా. మొదటిది అడగాలని అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు.

ఇదంతా ఫోనులో చెప్పా. అది రెండు కోర్సుల పేపర్ల జాబితాలు ముందు పెట్టుకుని కూర్చుంది. రెండు రోజుల తర్వాత తనే ఫోన్ చేసింది. గణితంలోనే చేరుతోందట. అందులో ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ పేపర్లు ఎంచుకునే వీలుందట. "రావు గారు కూడా ముందు గణితమే కదా అన్నా చదివింది. అయినా ఆయనది ఒక్క శాంపిలే" అంది. రెండేళ్ళు చూస్తా, ఆ తర్వాత మాట్లాడదాం అని చిన్నాయన ఫీజు కట్టాడట. చిన్నమ్మ మాత్రం, 4 గంటలకి నేను లేపను, కావాలంటే అలారం పెట్టుకో అందట.

రాయదుర్గం అత్తకి ఈ సంగతి చెప్తే కొంచెం నిరాశపడింది. మనవడికి పేరు పెట్టాలి, ఏ అక్షరం మంచిదో ఇక ఎవరిని అడగాలి అంటోంది.